రాస్ తనూరా మెస్సులో అభిశంసన

పదవిలో ఉన్న మనిషిని తొలగించడానికి కూర్చున్న సభ్యులు తమ ఓటును ఎలా నిర్ణయించుకుంటారన్నది తొమ్మిదేళ్ళపాటు జూనియర్ కాలేజీలో నేను పౌరశాస్త్రం పాఠంగా చెప్పాను. ఆరోపణ, నోటీసు, విచారణ, మూడింట రెండు వంతుల ఆధిక్యత అని నల్లబల్ల మీద రాసి, కింద గీత గీసి, ఆ సమయంలో సభ్యుడు న్యాయమూర్తితో సమానమనీ, సాక్ష్యం తప్ప మరేదీ అతని మనసును తాకరాదనీ బోధించేవాణ్ణి. విద్యార్థులు దాన్నే పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకునేవారు. నేను చెప్పినదానిలో తప్పేమీ లేదు. కాని కళ్ళారా చూడకుండా చెప్పాను. చూసే అవకాశం రెండువేల దశకం మధ్యలో సౌదీలోని రాస్ తనూరాలో, ఒక కాంట్రాక్టు కంపెనీ క్యాంపులో దొరికింది.

రిఫైనరీ విస్తరణ పనిలో నేను డాక్యుమెంట్ కంట్రోల్ విభాగానికి అధిపతిని. ఏ డ్రాయింగ్ వచ్చినా దానికి సంఖ్య వేయడం, పరిశీలకులకు పంపడం, వారి అభిప్రాయంతో తిరిగి వచ్చినదాన్ని నమోదు చేయడం మా పని. పరిశీలకుడు తన అభిప్రాయాన్ని మూడు గుర్తుల్లో ఒకదానితో చెప్పాలి. కోడ్ ఏ అంటే ఆమోదం. కోడ్ బి అంటే వ్యాఖ్యలతో ఆమోదం. పని సాగించవచ్చు, అయితే వ్యాఖ్యల ప్రకారం దిద్ది మళ్ళీ సమర్పించాలి. కోడ్ సి అంటే తిరస్కారం. ఇంజనీరు మొదలుకొని పరంజా కట్టే మేస్త్రీ వరకు అక్కడ అందరి దినచర్యా ఈ మూడు అక్షరాల చుట్టూ తిరిగేది. సెలవు చీటీ తిరిగొస్తే "కోడ్ సి పడింది" అని నవ్వుకునేవారు.

మా క్యాంపులో తెలుగువాళ్ళం నలభై మందిమి కలిసి ఒక మెస్ నడుపుకునేవాళ్ళం. క్యాంప్ బాస్ దయతలచి రెండు పోర్టా క్యాబిన్ రేకు గదులను మాకు విడిగా ఇచ్చాడు. ఒకటి వంటకు, ఒకటి భోజనానికి. ఆ అనుమతికి ఒకే షరతు. మా జాబితాలో లేనివాళ్ళు అక్కడి వంట తినకూడదు. మెస్‌కు ఐదుగురు సభ్యుల కమిటీ ఉండేది, నేను దాని అధ్యక్షుణ్ణి. కమిటీ కింద పనిచేసే కార్యదర్శి ఒకరు. ఇరవై రెండు నిబంధనలను నేనే రాసి, టైపు చేయించి, గోడకు తగిలించాను. కార్యదర్శిని తొలగించే పద్ధతి పంతొమ్మిదవ నిబంధన. దాన్ని మన రాజ్యాంగంలోని అభిశంసన పద్ధతిని దృష్టిలో పెట్టుకుని రాశాను. ఏడు రోజుల నోటీసు, సంజాయిషీకి అవకాశం, రాతపూర్వకమైన ఓటు, ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులు. నలభై మంది పప్పన్నం తినడానికి ఇంత రాజ్యాంగం దేనికని వెనకాల నవ్వుకునేవారని నాకు తెలుసు. క్రమం లేని చోట పెద్ద గొంతువాడిదే రాజ్యమవుతుందని నా నమ్మకం. ఇప్పటికీ అదే నమ్మకం.

అప్పటి కార్యదర్శి జగిత్యాల ప్రాంతం మనిషి, పరంజా పనివాళ్ళకు ఫోర్మన్. పద్దెనిమిదేళ్ళుగా గల్ఫ్‌లో ఉన్నాడు. ఉదయం నాలుగింటికి లేచి, కేరళ వంటవాడి పక్కన నిలబడి, ఐదుంబావు బస్సుకు అందరి టిఫిన్ డబ్బాలూ సిద్ధం చేయించేవాడు. ఆ పనికి జీతం లేదు. రెండు నెలల్లో ఫైనల్ ఎగ్జిట్ మీద శాశ్వతంగా ఇంటికి వెళ్ళబోతున్నాడు. వెళ్ళిపోయే కార్యదర్శికి అందరి ముందు వీడ్కోలు చెప్పి, రిజిస్టరులో అతని పేజీని చదివి వినిపించడం మా మెస్ ఆచారం.

ఆ వేసవిలో పన్నెండు రోజుల పాటు పప్పు పలచబడింది.

మొదట గమనించినవాడు గుంటూరు నుంచి వచ్చిన ప్లానింగ్ ఇంజనీరు. కమిటీలో అందరికంటే చిన్నవాడు, పప్పు విషయంలో అందరికంటే పట్టుదల గలవాడు. కమిటీ సమావేశంలో సూటిగా అడిగాడు.

"ఏంటండీ, పప్పులో గరిటె వేస్తే అడుగు కనిపిస్తోంది?"

"వంటాయన చెయ్యి మారింది సార్, కొత్త కుక్కర్ గదా. రెండొద్దులల్ల సదురుకుంటది" అన్నాడు కార్యదర్శి.

సర్దుకోలేదు. ఇంజనీరు ఊరుకునే రకం కాదు. ఒక సాయంత్రం వంటగది వెనక నిలబడి చూశాడు. కంచెకు అవతల ఒక చిన్న సబ్ కాంట్రాక్టరు క్యాంపు ఉంది. తనిఖీలో గ్యాసు గొట్టాలు సరిగా లేవని వాళ్ళ వంటగదికి తాళం వేశారు. అందులో పదకొండు మంది మన తెలంగాణ పనివాళ్ళు. మా కార్యదర్శి రోజూ రెండు పెద్ద గిన్నెలు కంచె మీదుగా వాళ్ళకు అందిస్తున్నాడు.

మర్నాడు ఇంజనీరు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాడు. ఆరోపణలు రెండు. జాబితాలో లేనివారికి కమిటీ అనుమతి లేకుండా భోజనం పెట్టి వంటగది అనుమతినే ప్రమాదంలోకి నెట్టడం ఒకటి. అడిగినప్పుడు కమిటీకి అబద్ధం చెప్పడం రెండవది. నేను ఫిర్యాదుకు సంఖ్య వేసి, ఏడు రోజుల నోటీసు కార్యదర్శి చేతికి ఇచ్చాను. అతను దాన్ని రెండుసార్లు చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"తీసేస్తే తీసెయ్యిండ్రి సార్, తాళాలు ఇచ్చేస్త. గని మా దిక్కు ఊర్లోళ్ళు ఈడ ముప్పై మంది ఉన్నరు. నాకన్న ముంగటనే ముచ్చట ఊరికి పోతది. పద్దెనిమిదేండ్లు ఒక్క మాట పడలే. పోయేముంగట మెస్ కాడ తీసేసిండ్రంట అంటే, ఏం దిన్నడో ఏమో అంటరు."

"విచారణలో చెప్పుకోండి. తీర్పు సాక్ష్యాన్ని బట్టి ఉంటుంది" అన్నాను.

అతను తలూపి వెళ్ళిపోయాడు.

ఆ ఏడు రోజులూ నాకు పాఠాలే. సభ్యులెవరూ విచారణకు ముందు చర్చించుకోరాదని నేను చెప్పి ఉన్నాను. అందువల్ల వాళ్ళు తమలో తాము చర్చించుకోలేదు. ఒక్కొక్కరే నా దగ్గరికి వచ్చి చర్చించారు.

మొదట వచ్చినవాడు కాకినాడ మనిషి, పైపింగ్ ఇన్‌స్పెక్టరు. మూడేళ్ళుగా కార్యదర్శితో ఒకే గదిలో ఉంటున్నాడు.

"మాస్టారూ, తప్పు చేశాడండి, కాదన్ను. కానీ నేను తీసెయ్యమని రాసి, ఆ సాయంత్రం అదే గదిలోకి వెళ్ళి ఏసీ ఎంత మీద పెట్టమంటావు అని ఎలా అడగనండీ?"

"అది సాక్ష్యం కాదు."

"సాక్ష్యం కాదండి, కాపురం" అని వెళ్ళిపోయాడు.

రెండవవాడు కడప నుంచి వచ్చిన సేఫ్టీ ఆఫీసరు. బస్సులో నా పక్కన కూర్చుని, కిటికీలోంచి ట్యాంకుల వైపు చూస్తూ అడిగాడు.

"అది సరే గానీ సార్, ఆయప్పను తీసేసినాక ఆ తాళంచెవులు ఎవరికిస్తారు?"

"నిబంధన ప్రకారం కమిటీ సభ్యుల్లో ఖాళీ సమయం ఎక్కువ ఉన్నవారికి."

"అంటే నాకే. నాలుగ్గంటలకు లేసి నలభై డబ్బాలకు మూతలు పెట్టల్ల. నాకైతే ఆయప్ప నిర్దోషి మాదిరే కనపడతాండాడు సార్."

బస్సులో నవ్వకూడదన్న నిబంధనేమీ లేదు కాబట్టి నవ్వాను.

మూడవవాడి విషయం నన్ను ఆశ్చర్యపరిచింది. అతను ఎలక్ట్రీషియన్, నిజామాబాద్ జిల్లావాడు. కార్యదర్శికి దగ్గరివాడని, అతని పక్షానే ఉంటాడని అందరూ ముందే లెక్కవేశారు. అదే అతన్ని కుదురుగా ఉండనివ్వలేదు.

"నేను వద్దని రాస్తే, మావోడని కాపాడుకున్నడంటరు సార్. పొద్దుగాల నుంచి సైటుల ముగ్గురు నన్ను జూసి నవ్విండ్రు. అందుకే తీసెయ్యమనే రాద్దామనుకుంటున్న. నన్నెవ్వలు ఒక్క మాట అనొద్దు."

"నీ మీద మాట రాకూడదని అతన్ని తీసేస్తావా?"

అతను చేతిలోని టెస్టరును జేబులో పెట్టుకున్నాడు. "మీరే జెప్పిండ్రు గద సార్, మావోడు అని చూడొద్దని. నేను చూస్తలేను. అదే నాకు భయమైతున్నది" అన్నాడు. పక్షపాతం లేదని నిరూపించుకోవడానికి వేసే ఓటు కూడా పక్షపాతమేనని నా నల్లబల్ల మీద ఏనాడూ రాయలేదు.

ఫిర్యాదు చేసిన ఇంజనీరు మాత్రం రాలేదు. నేనే పలకరించాను.

"పప్పు గురించి కాదు మాస్టారూ. పదకొండు మందికి అన్నం పెట్టాడంటే ఎవరు కాదంటారు? మొహం మీదే అబద్ధం చెప్పాడు. నన్ను వెర్రివెధవని చేశాడు" అన్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, "పప్పు గురించి కూడా అనుకోండి" అన్నాడు.

నలుగురిలో ఒక్కడూ సాక్ష్యం ముఖం చూడలేదని నాకు విచారం కలిగింది. నేను మాత్రం చూస్తున్నానని తృప్తి కలిగింది. రెండు ఆరోపణలూ రుజువైనవే. నా మనసు స్థిరంగా ఉంది. గురువారం సాయంత్రం ఆఫీసులో కూర్చుని విచారణకు కావలసిన కాగితాలన్నీ క్రమంగా అమర్చి, రెండు ప్రతులు తయారు చేశాను. నిందితుడికి కూడా పూర్తి ప్రతి ఇవ్వాలన్నది సహజ న్యాయసూత్రం. ప్రతి కాగితానికీ సంఖ్య వేసి, ముందు పేజీలో విషయసూచిక పెట్టాను. మా విభాగంలో సూచిక లేని ఫైలు గుమ్మం దాటదు.

శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి భోజనాల క్యాబిన్‌లో సమావేశమయ్యాం. బల్లలు తుడిచి ఉన్నాయి. సముద్రం వైపు కిటికీకి పాత దుప్పటి కట్టి ఎండను ఆపారు. కార్యదర్శి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, తాళంచెవుల గుత్తిని నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చున్నాడు. నేను ఆరోపణలు చదివి, సంజాయిషీ చెప్పమన్నాను.

"మొదటిది నిజమే సార్" అన్నాడు. "ఆళ్ళ కిచెన్ బందయింది. రెండొద్దులు వట్టి ఖుబ్బూస్ రొట్టె, డబ్బా చాపలు తిన్నరు. ఎండల కాంక్రీటు పని. మూడో నాడు ఒకాయన కంచె కాడికొచ్చి, అన్న, జర చారు నీళ్ళుంటే పొయ్యి అన్నడు. పోసిన. తెల్లారి గిన్నె పట్టుకొచ్చిండు."

"కమిటీని ఎందుకు అడగలేదు?" అన్నాడు ఇంజనీరు.

"అడిగితే పెద్దసార్ మీటింగ్ పెడ్తడు. మీటింగ్‌కు నోటీసు. నోటీసుకు మూడొద్దులు. ఆకలికి నోటీసు ఇయ్యరాదు గద తమ్మీ."

సేఫ్టీ ఆఫీసరు దగ్గు తెచ్చుకుని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నేను రాస్తున్నవాణ్ణి తల ఎత్తలేదు.

"రెండవ ఆరోపణ?" అన్నాను.

"అది తప్పు" అన్నాడు. ఇంజనీరు వైపు తిరిగాడు. "నువ్వు అడిగిన్నాడు నిజం జెప్పవోయిన. నోటికి అబద్ధమొచ్చింది. దానికి నా దగ్గర జవాబు లేదు."

ఇంజనీరు బల్ల మీదున్న నీళ్ళగ్లాసును అటూ ఇటూ జరిపాడు.

తన ప్రతిలోని కాగితాలన్నీ సరిగా అందాయో లేదో చూసుకుని సంతకం చేయమని కార్యదర్శికి చెప్పాను. అతను సూచిక మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదువుతూ వచ్చాడు. ఫిర్యాదు. నోటీసు. నిబంధనలు. హాజరు పట్టిక. వేలు ఐదవ వరుస దగ్గర ఆగింది.

"సార్, గిది ఐదోది 'తొలగింపు ఉత్తర్వు' అని ఉన్నది. కాయితం గూడ లోపట్నే ఉన్నది. ఇయ్యాల్టి తారీఖే ఉన్నది. సంతకమొక్కటే లేదు."

మొత్తం ఫైలును ముందుగానే తయారు చేయడం మా వృత్తిలో నేర్పు. జరగబోయే సమావేశం తీర్మానాన్ని కూడా ముసాయిదాగా పెట్టుకుంటాం. ఆ అలవాటు కొద్దీ చేశానని అనవచ్చు. కాని 'కొనసాగింపు ఉత్తర్వు' ముసాయిదా నేను తయారు చేయలేదు. గోడ మీది నిబంధనల్లో ఒకదాన్ని ఎవరో తోసిపుచ్చారన్నది తెలిసిన క్షణాన్నే నా ఓటు పడిపోయింది. నలుగురి మనసుల్లో దూరిన గదినీ, జిల్లానీ, తాళంచెవులనీ, పప్పునీ లెక్కపెట్టినవాణ్ణి, నా మనసులో కూర్చున్న టైపు కాగితాన్ని చూసుకోలేదు.

"పొరపాటు నాది" అని, ఆ కాగితాన్ని రెండు ప్రతుల్లోంచీ తీసి, అందరి ముందే చింపివేశాను. సూచికలో ఐదవ వరుస కొట్టివేసి పక్కన నా పొడి అక్షరాలు వేశాను. కార్యదర్శి కూడా వేశాడు. తరువాత అతన్ని బయట కూర్చోమన్నాం.

ఇలాంటి పొరపాటు చేసిన అధ్యక్షుడు ఓటు వేయకుండా ఉండటమే మర్యాద అని మొదట అనుకున్నాను. అయితే నిబంధన 'ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులు' అంటోంది. ఐదుగురం వేస్తే తొలగించడానికి నలుగురు కావాలి. నేను తప్పుకుంటే నలుగురిలో ముగ్గురు చాలు. నా మర్యాద వల్ల అతని మెడ మీది కత్తి ఒక మెట్టు కిందికి దిగుతుంది. ఊరుకోవడం కూడా ఓటేనని నాకు యాభై నాలుగవ ఏట తెలిసింది. వేయడానికే నిశ్చయించుకున్నాను.

ఓటుకు వేరే కాగితం దేనికని, డ్రాయింగుల మీద అభిప్రాయాలు రాసే మా అచ్చు ఫారాలనే పంచాను. 'తొలగించాలి' లేదా 'కొనసాగించాలి' అని స్పష్టంగా రాసి, కింద కారణం రాయమని రెండుసార్లు చెప్పాను. ఐదుగురం ఐదు మూలలకు వెళ్ళి రాశాం. మడిచిన ఫారాలను ఖాళీ బియ్యం డబ్బాలో వేశాం.

మొదటిది విప్పాను. 'కోడ్ బి. గిన్నెలు కంచె మీదుగా అందించరాదు, గేటు ద్వారా ఇవ్వవలెను. ఇనుప ముళ్ళు ప్రమాదం.' సేఫ్టీ ఆఫీసరుదని సంతకం చూడకుండానే తెలిసింది.

రెండవది. 'కోడ్ బి. ఇక మీదట రూమ్‌మేట్‌కైనా ముందుగా చెప్పాలి. మూడేళ్ళు పక్క మంచం మీద పడుకున్నవాడికి కూడా చెప్పలేదు.'

మూడవది ఎలక్ట్రీషియన్‌ది. దానిలో కొట్టివేతలు ఎక్కువ. పైన కోడ్ సి అని రాసి కొట్టివేసి, కింద కోడ్ బి అని రాశాడు. 'మావోడు అయినా, కాకపోయినా, నేను ఇట్లనే రాస్తుంటి అనుకుంటున్న.' తర్వాత మరొక వాక్యం. 'కమిటీకి సారీ చెప్పాలె.'

నాలుగవది ఇంజనీరుది. 'కోడ్ బి. ఒకటి: అబద్ధం చెప్పినట్టు భోజనాల సమయంలో అందరి ముందు ఒప్పుకోవాలి. రెండు: పప్పు పూర్వపు చిక్కదనానికి రావాలి.'

ఐదవది నాది. అందులో మాత్రమే నేను చెప్పిన మాట ఉంది. 'కొనసాగించాలి. కారణం: విచారణకు ముందే తీర్పు రాసిన అధ్యక్షుడికి తొలగించే అర్హత లేదు.'

"నేను అడిగింది రెండు మాటల్లో ఒకటి. ఈ అక్షరాలెవరు అడిగారు?" అన్నాను, గొంతు కటువుగానే పెట్టి.

"ఫారం మీరే ఇచ్చారు కదా మాస్టారూ" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "చేతికి అలవాటైపోయిందండి."

"తీసెయ్యమని రాయడానికి చెయ్యి రాలేదు, ఊరికే వదిలెయ్యడానికి మనసు రాలేదు" అన్నాడు ఇంజనీరు. "మధ్యలో ఉన్నది ఇదొక్కటే."

నియమానికి విరుద్ధమైన ఓట్లని వాటిని తోసిపుచ్చవచ్చు. కాని వాటి అర్థంలో ఎవరికీ సందేహం లేదు. పని సాగవచ్చు, దిద్దుకుని మళ్ళీ సమర్పించాలి. నా రాజ్యాంగంలో ఉండటం, పోవడం అనే రెండే దారులు పెట్టాను. మూడవ దారి రోజూ నా బల్ల మీదే ఉంది. తొలగింపుకు ఒక్క ఓటూ రాలేదని ప్రకటించి, కార్యదర్శిని లోపలికి పిలిచి, వ్యాఖ్యలను చదివి వినిపించాను. ఇనుప ముళ్ళ దగ్గర అతను తన ముంజేతి మీది గీరుడు చూసుకున్నాడు. తాళంచెవులు అతని వైపు జరిపాను. సేఫ్టీ ఆఫీసరు అంతవరకూ బిగబట్టిన ఊపిరి వదలడం అందరికీ వినిపించింది.

ఆ తరువాతి శుక్రవారం మధ్యాహ్నం, నలభై మంది పళ్ళాలు పట్టుకుని నిలబడి ఉండగా, కార్యదర్శి గరిటెతో గిన్నె మీద కొట్టాడు.

"కమిటీల తమ్ముడు అడిగిన్నాడు అబద్ధం జెప్పిన. కుక్కర్ మంచిదే, వంటాయన మంచోడే. నీళ్ళు నేనే పోసిన. తప్పయింది" అన్నాడు. తర్వాత మొదటి గరిటె ఇంజనీరు పళ్ళెంలో వేశాడు. గరిటె నిలబడేంత చిక్కని మామిడికాయ పప్పు. ఇంజనీరు కలుపుకుని ఒక ముద్ద తిని, "క్లోజ్డ్" అన్నాడు. వ్యాఖ్యకు సవరణ జరిగినప్పుడు ఫారం మీద రాసే మాట అది.

నా మీద కూడా ఒక వ్యాఖ్య మిగిలి ఉంది. దాన్ని ఎవరూ రాయలేదు, నేనే తీసుకున్నాను. క్యాంప్ బాస్‌ను కలిసి జరిగిందంతా చెప్పాను. అతను గడ్డం నిమురుకుని, వాళ్ళ పేర్లూ, ఇకామా అనే నివాస అనుమతి కార్డుల నకళ్ళూ ఇస్తే, వాళ్ళ వంటగది తెరిచేవరకు మా జాబితాలో చేర్చుకోవచ్చన్నాడు. అడగడానికి ఐదు నిమిషాలు పట్టింది. గోడ మీద ఇరవై మూడవ నిబంధన చేరింది. ఆకలి విషయంలో కార్యదర్శి ముందు పెట్టి, తరువాత చెప్పవచ్చు. ఇద్దరు సభ్యులకు మిస్డ్ కాల్ ఇస్తే నోటీసు ఇచ్చినట్టే.

రెండు నెలల తరువాత వీడ్కోలు జరిగింది. కంచె అవతలి పదకొండు మందీ గేటు గుండానే వచ్చారు. నేను రిజిస్టరు తెరిచి అతని పేజీ చదివాను. బాధ్యత స్వీకరించిన రోజు, పనిచేసిన కాలం. ఆ తరువాత విచారణ సంగతి దాచకుండా, ఉన్నది ఉన్నట్టు చదివాను. వ్యాఖ్యలతో ఆమోదం. వ్యాఖ్యలన్నీ సవరించబడినవి. చివర ఎర్ర సిరాతో రాసిన తుది గుర్తు, కోడ్ ఏ. పరంజా కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. సెలవు చీటీల్లో కూడా ఎవరికీ అంత సులువుగా పడని గుర్తు అది.

అందరూ తింటుండగా అతను నా పక్కకు వచ్చి కూర్చున్నాడు.

"సార్, గా పేజీ ఒక జిరాక్సు ఇయ్యిండ్రి. మీ ఆఫీసు స్టాంపు ఎయ్యిండ్రి."

"విచారణ జరిగిన సంగతి కూడా అందులో ఉంది. ఊళ్ళో చదివేవాళ్ళు ఉంటారేమో."

"ఉన్నరు సార్. ఆళ్ళకోసమే. ముచ్చట నాకన్న ముంగట పొయ్యింది. కాయితం నాతోని పోవాలె."

స్టాంపు నా సంచిలోనే ఉంది. ముందుగానే తెచ్చుకున్నాను. జిరాక్సు కూడా తీసి, కవరులో పెట్టి ఉంచాను. అతను కవరు విప్పి చూసి నా వైపు తిరిగాడు.

"ఇది గూడ ముందుగాలనే తయారు చేసిండ్రా సార్?" అన్నాడు, ముఖం గంభీరంగా పెట్టి.

"రెండు ప్రతులు" అన్నాను.